మాంద్యంలో ఖరీదైన ల్యాప్‌టాప్‌లు ఎందుకు అమ్ముడుపోయాయి: 2008–09 కేస్ స్టడీ

2008 అక్టోబర్‌లో నేను వేసిన ఆర్డర్ షీట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక ఎలక్ట్రానిక్స్ రిటైల్ సంస్థలో ల్యాప్‌టాప్ విభాగానికి ఏ మోడల్ ఎన్ని తెప్పించాలో తేల్చడం అప్పట్లో నా పని. సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడుల బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఆ తర్వాత రోజూ ఏదో ఒక కంపెనీ ఉద్యోగాలు తీసేస్తోందన్న వార్తే. జనం చేతిలో డబ్బు ఆడనప్పుడు చవక సరుకు నింపాలి, మధ్య ధరలో ఉన్నది ఎప్పటిలా ఉంచాలి, ఖరీదైనది కొయ్యాలి. ఆ మీటింగ్‌లో ఉన్న అందరికీ ఇది ఎంత మామూలు విషయంగా అనిపించిందంటే, దాని మీద పది నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. ప్రీమియం మోడళ్ల సంఖ్యను సగానికి తగ్గించి సంతకం పెట్టాను.

డిసెంబర్ మూడో వారానికి ప్రీమియం ర్యాక్ ఖాళీ. అడిగి, లేదనిపించుకుని వెళ్లిపోయేవాళ్లు రోజూ కనపడేవారు. చవక మోడళ్లు అమ్ముడవుతున్నాయి కానీ వాటిలో కొన్ని వారం తిరక్కుండా రిటర్న్ కౌంటర్‌కి వస్తున్నాయి. అసలు దెబ్బ మధ్యలో తగిలింది. ఎప్పుడూ ఢోకా ఉండదనుకున్న మధ్య ధర మోడళ్లు గోడౌన్‌లో అట్టపెట్టెలు కూడా విప్పకుండా మార్చి దాకా ఉండిపోయాయి. వాటిని వదిలించుకోవడానికి ఇచ్చిన డిస్కౌంట్‌తో ఆ క్వార్టర్‌ లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

అప్పటి నుంచి ఈ ఒక్క ప్రశ్న మీద చాలా సమయం పెట్టాను. డబ్బు లేని కాలంలో ఖరీదైన మెషీన్‌ని ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు?

అంకెలు ఏం చెప్తున్నాయి

మా ఒక్క సంస్థ అనుభవం మీద సిద్ధాంతం కట్టడం తప్పు. అందరికీ అందుబాటులో ఉన్న లెక్కల్లో ఈ కేస్‌కి బాగా సరిపోయేది యాపిల్ సంస్థది. అప్పట్లో వాళ్ల దగ్గర 999 డాలర్లలోపు ల్యాప్‌టాప్ లేదు, పైగా ప్రతి క్వార్టర్‌కీ డెస్క్‌టాప్‌లు ఎన్ని, ల్యాప్‌టాప్‌లు ఎన్ని అని విడివిడిగా ప్రకటించేవాళ్లు.

2008 డిసెంబర్ 27తో ముగిసిన క్వార్టర్‌లో, అంటే భయం బాగా ముదిరిన మూడు నెలల్లో, వాళ్లు 17.96 లక్షల ల్యాప్‌టాప్‌లు అమ్మారు. ముందటి ఏడాది అదే క్వార్టర్‌ కంటే ఇది 34 శాతం ఎక్కువ. అదే సమయంలో వాళ్ల డెస్క్‌టాప్‌లు 25 శాతం పడిపోయాయి. ఈ రెండో అంకెను చాలామంది చదవకుండా దాటేస్తారు. బ్రాండ్ మోజే కారణమైతే రెండూ పెరగాలి. కంపెనీ ఒకటే, లోగో ఒకటే, ఒకటి లేచింది, ఒకటి కూలింది.

తర్వాతి క్వార్టర్ అంత బాగాలేదు. 2009 జనవరి–మార్చిలో ల్యాప్‌టాప్‌లు 2 శాతం తగ్గాయి. 2008 అక్టోబర్ 14న వచ్చిన కొత్త అల్యూమినియం మోడళ్ల ఊపు ముందు క్వార్టర్‌కి కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. ఆపై ఏప్రిల్–జూన్‌లో మళ్లీ 13 శాతం, జూలై–సెప్టెంబర్‌లో 35 శాతం పెరిగాయి. నాలుగు క్వార్టర్లూ కలిపితే ల్యాప్‌టాప్‌లు 72 లక్షలు దాటాయి. ముందటి ఏడాది 60 లక్షలు. అమెరికాలో మాంద్యం 2007 డిసెంబర్ నుంచి 2009 జూన్ దాకా సాగిందని లెక్క. అంటే ఈ పన్నెండు నెలల్లో తొమ్మిది మాంద్యంలోవే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏప్రిల్–జూన్ క్వార్టర్‌లో మొత్తం మ్యాక్‌ల (యాపిల్ డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు కలిపి) సంఖ్య 4 శాతం పెరిగినా, వాటి మీద వచ్చిన రాబడి 8 శాతం తగ్గింది. జనం ప్రీమియం కొన్నారు, కానీ ప్రీమియంలో కింది మెట్టు కొన్నారు. జూన్‌లో 13 అంగుళాల మోడల్‌ని మ్యాక్‌బుక్ ప్రో అనే పై వరుసలోకి చేర్చి ధర 1,299 డాలర్ల నుంచి 1,199కి దించారు. 15 అంగుళాల ప్రో మొదలయ్యే ధర 1,999 నుంచి 1,699కి వచ్చింది. ఆ తర్వాతి క్వార్టర్‌లోనే ఆ 35 శాతం. కాబట్టి మాంద్యంలో ఎంత ఖరీదు పెడితే అంత అమ్ముడవుతుందని ఈ కేస్ చెప్పడం లేదు. నాకు ఈ విషయం అర్థమవడానికి ఇంకో తప్పు ఆర్డర్ పట్టింది. జనవరిలో తొందరపడి ప్రీమియంలో పై కాన్ఫిగరేషన్లు (ఎక్కువ మెమరీ, వేగమైన ప్రాసెసర్ ఉన్నవి) తెప్పించాను. అవీ నిలిచిపోయాయి.

ఎవరు మాయమయ్యారు, ఎవరు మిగిలారు

అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది. కుటుంబాలకు కుటుంబాలే చితికిపోయిన అంకె అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ స్టాక్ ప్లాన్ చేసేవాడు ఆ అంకెను రెండో వైపు నుంచి కూడా చదవాలి. పని చేసేవాళ్లు, పని వెతికేవాళ్లు కలిపి వందమందిలో తొంభైమందికి జీతమో, ఎంతో కొంత రాబడో వస్తూనే ఉంది. వాళ్లకు డబ్బు ఉంది, ధైర్యం లేదు. ధైర్యం లేనివాళ్లు ఖర్చును రెండు రకాలుగా మారుస్తారు: వాయిదా వేస్తారు, లేదా బాగా ఆలోచించి ఒక్కసారి పెడతారు.

వాయిదా వేసినవాళ్లలో ఎక్కువమంది మా మధ్య ధర కస్టమర్లే. మామూలు రోజుల్లో మూడేళ్ల పాత ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తుండగానే కొత్తది కొనే కుటుంబాలు అవి. మాంద్యంలో ఆ ఇళ్లలో వినపడే మాట "ఇంకో ఏడాది లాగిద్దాం" అన్నదే. కొత్తది కొనాలన్న కోరిక తప్ప అవసరం లేనిచోట వాయిదా వెయ్యడం చాలా సులభం. కంపెనీలూ అదే చేశాయి. విండోస్ విస్టా నచ్చక చాలా కంపెనీలు దాని ముందటి ఎక్స్‌పీతోనే కూర్చున్నాయి, విండోస్ 7 వచ్చేది 2009 అక్టోబర్‌లో. ఆగడానికి ఇంతకంటే మంచి సాకు వాళ్లకు దొరకదు.

ఇక్కడ లెక్కలో ఒక మోసం దాగి ఉంటుంది. ఊహకు, మంచి రోజుల్లో వందమంది కొంటారనుకుందాం: చవకది 40, మధ్యది 45, ప్రీమియం 15. మాంద్యంలో చవక కస్టమర్లు పదిమంది, మధ్య కస్టమర్లు పాతికమంది, ప్రీమియం కస్టమరు ఒక్కరు తగ్గారనుకోండి. మిగిలిన 64 మందిలో ప్రీమియం వాళ్లు 14. వాటా 15 శాతం నుంచి దాదాపు 22కి ఎగబాకింది, అమ్మిన మెషీన్లు మాత్రం ఒకటి తగ్గాయి. "మాంద్యంలో ప్రీమియం దూసుకెళ్తోంది" అనే వార్తల్లో కొన్ని ఈ బాపతువే. అందుకే నేను పైన వాటా జోలికి పోకుండా సంఖ్యలు ఇచ్చాను. 60 లక్షలు 72 లక్షలవడానికి ఈ గారడీ ఒక్కటే సరిపోదు. అక్కడ నిజంగానే కొత్త చేతులు ప్రీమియం వైపు వచ్చాయి.

కౌంటర్ దగ్గర ఒక సాయంత్రం

ఆ చేతులు ఎలాంటివో నాకు 2009 ఫిబ్రవరిలో అర్థమైంది. అనువాదాలు చేసే ఒకావిడ వచ్చారు, యాభై దాటి ఉంటాయి. పాత ల్యాప్‌టాప్‌ని సంచిలోంచి తీసి టేబుల్ మీద పెట్టారు. కుడి వైపు హింజ్ విరిగిపోయింది. మూత తెరిస్తే స్క్రీన్ వెనక్కి పడిపోతోంది, దాన్ని ఆపడానికి రెండు లావుపాటి నిఘంటువులు ఆనించి పని చేస్తున్నానని చెప్పారు. పవర్ వైరు పిన్ను దగ్గర ఇన్సులేషన్ టేపు నాలుగైదు చుట్లు చుట్టి ఉంది.

మా కుర్రాడు అలవాటుగా నెట్‌బుక్, అంటే చిన్న సైజు చవక ల్యాప్‌టాప్, చూపించాడు. ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి, అందులోని పేరా ఒకటి టైపు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ నెట్‌బుక్‌లో కుడి షిఫ్ట్ కీ చిన్నది, పైకి వెళ్లే బాణం కీకి అవతల ఉండేది. షిఫ్ట్ అనుకుని నొక్కిన ప్రతిసారీ కర్సర్ పై లైన్లోకి ఎగిరిపోయి, అక్షరాలు అక్కడ పడుతున్నాయి. మూడుసార్లు చెరిపి రాశారు. లేచి పక్క టేబుల్‌కి వెళ్లి, అల్యూమినియం మెషీన్ మీద అదే పేరా కొట్టారు. ఆగకుండా చివరిదాకా వెళ్లింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే మూతని పదిసార్లు తెరిచి మూశారు, చెవి దగ్గరగా పెట్టి వింటూ. కీబోర్డు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కి, అడుగు వంగుతోందేమో చూశారు.

"బాబూ, ఇది ఎన్నేళ్లొస్తుంది?"

"జాగ్రత్తగా వాడితే ఐదేళ్లు తేలిగ్గా వస్తుందమ్మా. మధ్యలో బ్యాటరీ మార్చాల్సి రావచ్చు."

"నాకిప్పుడు నెలకు రెండు పనులే వస్తున్నాయి. మధ్యలో ఇది ఆగిపోతే ఆ రెండూ పోతాయి. తక్కువలో కొని, రెండేళ్లకు మళ్లీ కొనే ఓపిక నాకు లేదు."

కొనేశారు. ఈఎంఐ చెప్పబోతే వద్దన్నారు, అప్పు పెట్టుకునే రోజులు కావివి అన్నారు. మొత్తం ఒకేసారి కట్టారు.

ఆవిడ మాటల్లో ఉన్న లెక్కను కాగితం మీద పెట్టి చూశాను. చవక మెషీన్ ధర ఒక వంతు అనుకుంటే, ప్రీమియంది రెండున్నర వంతులు. చవకది రెండేళ్లు వస్తుంది, ప్రీమియం ఐదేళ్లు వస్తుంది. మంచి రోజుల్లో మనిషి ఏ మెషీన్‌నైనా మూడేళ్లకు మార్చేద్దామనే ఆలోచనతో కొంటాడు. అప్పుడు ప్రీమియం ఏడాదికి దాదాపు 0.83 వంతు పడుతుంది, చవకది 0.5. తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రోజులు బాగోనప్పుడు ఇది పాడయ్యేదాకా వాడాల్సిందే అనుకుని కొంటాడు. అప్పుడు ప్రీమియం కూడా ఏడాదికి 0.5 వంతే. మెషీన్ మారలేదు, ధర మారలేదు. ఎన్నేళ్లు వాడతాననే అంచనా మారేసరికి ఖరీదైనది ఖరీదు కాకుండా పోయింది. పైగా మధ్యలో మెషీన్ చచ్చి పని ఆగే భయం, ఫైళ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చే తలనొప్పి, చివర్లో పాతదాన్ని అమ్మితే వచ్చే నాలుగు డబ్బులు, ఇవన్నీ అదే వైపు మొగ్గుతాయి.

ల్యాప్‌టాప్‌తో అన్నం తినేవాళ్లకు ఈ లెక్క ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ఉద్యోగం పోయి సొంతంగా పని మొదలుపెట్టినవాళ్లు ఆ ఏడాది మా దగ్గరికి చాలామంది వచ్చారు. చేతికొచ్చిన సెటిల్‌మెంట్ డబ్బులో మొదటి ఖర్చు మెషీనే. ఆఫీసు ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాక ఇంట్లో ఏమీ లేదు మరి. నిరుద్యోగం పెరిగితే ల్యాప్‌టాప్‌ల అమ్మకం పడిపోవాలి అనుకునే ప్లానర్‌కి ఈ మనుషులు కనపడరు. డెస్క్‌టాప్‌లు ఎందుకు కూలాయో కూడా నాకు ఇక్కడే కొంత తెలిసింది. ఇంటికి ఒకే ఒక మెషీన్ కొనగలిగినప్పుడు, ఎక్కడికైనా మోసుకెళ్లగలిగేదే కొంటారు.

నెట్‌బుక్ సంగతి

నెట్‌బుక్‌లు ఆ రెండేళ్లలో విపరీతంగా అమ్ముడయ్యాయి, దాన్ని కాదనను. 2007 అక్టోబర్‌లో ఆసుస్ ఈపీసీ 7 అంగుళాల స్క్రీన్‌తో వచ్చింది, ఏడాది తిరిగేసరికి దాదాపు ప్రతి కంపెనీ దగ్గరా ఒకటి ఉంది. ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 1024×600 స్క్రీన్. రెండో మెషీన్‌గా, బస్సులో మెయిల్ చూసుకోవడానికి అది చక్కటి వస్తువు. ఇంట్లో ఉన్న ఒకే ఒక మెషీన్‌గా కొన్నవాళ్లతోనే సమస్య. నెట్‌బుక్‌లు తయారుచేసే ఎంఎస్‌ఐ సంస్థ 2008లోనే, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన తమ నెట్‌బుక్‌లు ఎక్స్‌పీవాటి కంటే నాలుగు రెట్లు ఎక్కువగా వెనక్కొస్తున్నాయని చెప్పింది. మా రిటర్న్ కౌంటర్‌లో వినిపించిన మాట కూడా ఒకటే: "ల్యాప్‌టాప్ అనుకున్నాను."

2008 అక్టోబర్‌లో స్టీవ్ జాబ్స్ ఇన్వెస్టర్ల కాల్‌లో, 500 డాలర్లకు చెత్త కాని కంప్యూటర్ చెయ్యడం తమకు తెలియదన్నాడు. ఆరోజు అది అహంకారంలా వినపడింది నాకు. రిటర్న్‌లు చూశాక, తన కస్టమర్ ఎవరో తెలిసిన మనిషి మాటలా వినపడింది.

అమ్మేవాడి వైపు నుంచి చూస్తే నెట్‌బుక్‌లో మిగిలేది నామమాత్రం. ఒక్కటి వెనక్కొస్తే, దాన్ని తెరిచి, చూసి, మళ్లీ సర్ది, తగ్గించి అమ్మేసరికి మరికొన్నిటి లాభం పోతుంది.

అందరూ ఒకేసారి వెనక్కి తగ్గితే

రిటైల్ అమ్మకాలు లెక్కించే ఎన్‌పీడీ సంస్థ లెక్క ఒకటుంది. 2009 జూన్‌లో అమెరికా రిటైల్‌లో 1,000 డాలర్లు, ఆపై ధర ఉన్న కంప్యూటర్ల మీద జనం పెట్టిన డబ్బులో 91 శాతం యాపిల్‌కే వెళ్లింది. మొదటిసారి చదివినప్పుడు యాపిల్ గొప్పతనం అనుకున్నాను. నా ఆర్డర్ షీట్ పక్కన పెట్టుకుని మళ్లీ చదివితే ఇంకోలా అర్థమైంది. మిగతా కంపెనీలు, మాలాంటి రిటైలర్లు అందరం అదే అక్టోబర్‌లో అదే గదిలో కూర్చున్నట్టు ఒకే నిర్ణయం తీసుకున్నాం. చవక వైపు అందరం ఒకేసారి పరిగెత్తాం. ఖరీదైనది కొనాలని వచ్చిన మనిషికి ఎంచుకోవడానికి మేం ఏమీ మిగల్చలేదు. కొనేవాడు మాయమవుతాడనుకుని, వాడికంటే ముందే మేం మాయమయ్యాం. ఈ కేస్ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఎందుకంటే ఇది మాంద్యం చేసిన పని కాదు, మేం చేసిన పని.

ఖరీదు ఎక్కువ పెట్టి నిలబడినవాళ్లందరూ గెలిచారా అంటే, లేదు. 2009 మార్చిలో డెల్ అడామో అనే ల్యాప్‌టాప్ తెచ్చింది. సన్నగా, అల్యూమినియం బాడీతో, చూడ్డానికి ఎంతో అందమైన వస్తువు. 1,999 డాలర్ల నుంచి మొదలు. కొన్ని నెలల్లోనే ధర బాగా దించాల్సి వచ్చింది, 2011లో ఆ పేరే ఆపేశారు. దాని ప్రాసెసర్ తక్కువ కరెంటు వాడే నెమ్మది రకం, పనిలో అంతకంటే తక్కువ ధర మెషీన్లే ముందుండేవి. నిఘంటువులు ఆనించుకుని పనిచేసిన ఆవిడకు అడామోలో అదనంగా దొరికేది సన్నదనం ఒక్కటే. దానితో ఆవిడకు పనిలేదు. కష్టకాలంలో "చిన్న విలాసం" కొని జనం ఊరట పొందుతారని, లిప్‌స్టిక్ ఉదాహరణ చెప్తుంటారు. 2001లో సౌందర్య సాధనాల కంపెనీ ఎస్టీ లాడర్‌కు చెందిన లియొనార్డ్ లాడర్ చెప్పిన మాట అది. కారు మానుకుని ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు కొందరు ఉండొచ్చు. కానీ విలాసమే ప్రధాన కారణమైతే అడామో అమ్ముడుపోవాలి కదా.

మేం మార్చినవి

2009 ఏప్రిల్ నుంచి ప్రీమియంలో కింది కాన్ఫిగరేషన్‌ని ఎక్కువగా, పైవాటిని అడిగితే తెప్పించి ఇచ్చేలా పెట్టాం. మధ్య ధరలో మోడళ్లను బాగా తగ్గించాం. డెమో పీసుల్లో మెరిసే వీడియోలు తీసేసి, టైపు చేసుకోవడానికి ఖాళీ డాక్యుమెంట్, పెద్ద స్ప్రెడ్‌షీట్ తెరిచి ఉంచాం. పాత మెషీన్‌లోని ఫైళ్లు కొత్తదాంట్లోకి మార్చి ఇచ్చే టేబుల్‌ని సర్వీస్ గది నుంచి షోరూమ్ మధ్యలోకి తెచ్చాం. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం చాలా చిన్న మార్పు. మా కుర్రాళ్లు "ఎంతలో చూస్తున్నారు సార్?" అని మొదలుపెట్టడం ఆపేశారు. బదులుగా "ఇప్పుడున్నది ఎప్పుడు కొన్నారు, దేనికి వాడుతున్నారు?" అని అడగడం మొదలుపెట్టారు. ధరతో మొదలైన మాట ధర దగ్గరే ముగుస్తుంది. పాత మెషీన్‌తో మొదలైతే దాని హింజ్, దాని బ్యాటరీ, అది ఆగిపోయిన రోజు, అన్నీ కస్టమరే చెప్తాడు.

ఈ లెక్క పనిచెయ్యని చోటు

2020లో ఆర్థిక వ్యవస్థలు కుంగినా, ఇళ్లే ఆఫీసులు, బడులు అయ్యేసరికి మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కలో పీసీల సరఫరా 13 శాతం పెరిగింది. యాపిల్ మ్యాక్ రాబడి 2020 ఆర్థిక సంవత్సరంలో 28.6 బిలియన్ డాలర్లుంటే 2022లో 40.2కి చేరింది. ఆపై ధరలు, వడ్డీలు పెరిగి జనం మళ్లీ జంకారు. 2008 పాఠం గుర్తున్నవాళ్లు ప్రీమియం స్టాక్ నింపారు. మ్యాక్ రాబడి 2023లో 29.4 బిలియన్లకు, అంటే 27 శాతం, పడిపోయింది.

ఈసారి మేం నింపలేదు. 2022 చివర్లో ఆర్డర్ వేసే ముందు, రెండు వారాలపాటు కౌంటర్‌లో అదే ప్రశ్న అడిగించి జవాబులు రాయించాను: ఇప్పుడున్నది ఎప్పుడు కొన్నారు? 2009లో ఆ ప్రశ్నకు జనం వేళ్లు లెక్కపెట్టుకుని నాలుగేళ్లు, ఐదేళ్లు అనేవారు. ఈసారి కాగితం నిండా కనపడింది "లాక్‌డౌన్‌లో" అన్న మాటే. ఐదేళ్లు వాడదామని కొన్న మెషీన్‌కి ఇంకా మూడేళ్ల ఆయుష్షు ఉంది. ప్రీమియం ఆర్డర్‌ని మళ్లీ సగానికి తగ్గించాను, పద్నాలుగేళ్ల కింద తగ్గించినట్టే, ఈసారి ఆ కాగితాలు షీట్‌కి జతచేసి.